బీటెక్కా, మ్యూజిక్ ప్రొడక్షన్ డిప్లొమానా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ఎంసెట్‌లో ఓ మాదిరి ర్యాంకు వచ్చింది. బీటెక్ వద్దు, మ్యూజిక్ ప్రొడక్షన్ (కంప్యూటర్‌లో సంగీతం కట్టి రికార్డు చేయడం) డిప్లొమా చేస్తానంటున్నాడు. ఏడాదికి 5 లక్షల ఫీజు. ఇప్పుడు ఏఐ కూడా పాటలు చేస్తోందట, రేపు వీడికి పని ఉంటుందా? వీడు సొంతంగా నేర్చుకుని రాత్రిళ్లు సంగీతం చేసుకునే ల్యాప్‌టాప్‌ను వాళ్ల నాన్న కోపంతో బీరువాలో పెట్టి తాళం వేశారు. రెండిట్లో ఏది మేలో చెప్పండి.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నాకు ఈమధ్య చాలామంది తల్లిదండ్రుల నుంచి వస్తోంది. కోర్సు పేరు మారుతుంది కానీ భయం ఒక్కటే, పిల్లవాడు రెంటికీ చెడిపోతాడేమోనని. ముందు దాని సంగతి చెప్తాను. ఎవరూ చెప్పకుండానే ఒక పని మీద రాత్రిళ్లు కూర్చోగలిగే పిల్లవాడు అంత తేలిగ్గా చెడిపోడు. ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

ఆ బీరువా తాళం మాత్రం ఈ రోజే తీయించండి. ఈ మాట కాస్త గట్టిగానే చెప్తున్నాను. మేనేజ్‌మెంట్ సీటు అంటే అప్పు చేసైనా లక్షలు కట్టే ఇళ్లు మనవి. అలాంటిది, పిల్లవాడు సొంతంగా నేర్చుకున్న విద్యను బీరువాలో పెట్టి తాళం వేయడం ఏం న్యాయం? మీ ఉత్తరంలో ర్యాంకు ఉంది, ఫీజు ఉంది. అతను ఎలాంటి సంగీతం చేస్తాడో ఒక్క ముక్క లేదు. మీరిద్దరూ కూర్చుని అతని ట్రాక్ ఒక్కటైనా మొదటి నుంచి చివరిదాకా విన్నారా? వినకుండా వద్దనే హక్కు మీకు లేదు.

అలాగని ఆ డిప్లొమాకు నేను ఓటు వేయడం లేదు. నా అనుమానాలు చాలానే ఉన్నాయి. తెలుగు పాటలు మద్రాసులో రికార్డయిన రోజుల్లో వయొలిన్లు, తబలా, కోరస్ అంతా ఒకేచోట కలిసి వాయించేవారు. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదలుపెట్టాలి. అంత ఖరీదైన స్టూడియోలోకి అడుగుపెట్టాలంటే ఎవరో ఒకరు చేయి పట్టుకుని తీసుకెళ్లాల్సిందే. ఇప్పుడు ఒక కీబోర్డు ప్రోగ్రామర్ గదిలో కూర్చుని డ్రమ్స్ నుంచి వయొలిన్ల దాకా అన్నీ కంప్యూటర్‌లోనే కడతాడు. సింగర్ ఇంకో ఊళ్లో ఇంట్లోనే పాడి ఫైలు పంపుతుంది. పాటలు రికార్డు చేసి మిక్సింగ్ చేసుకునే రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు, ఆ తర్వాత సొంత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు. పనిముట్టే ఇంత చవకైనప్పుడు, దాంట్లో ఏ మీట ఎక్కడుందో చూపించడానికి 5 లక్షలు ఎందుకు? ఇలాంటి కోర్సుల్లో చాలావాటిలో నేను చూసింది ఎక్కువగా అదే.

ఏఐ గురించి మీరు పడే భయంలో నిజముంది. సునో, యూడియో లాంటి ఏఐ సర్వీసులకు నాలుగు మాటలు రాసిస్తే పాట వచ్చేస్తుంది. తమ రికార్డింగులను అనుమతి లేకుండా వాడి వీటికి శిక్షణ ఇచ్చారని పెద్ద మ్యూజిక్ కంపెనీలు 2024 జూన్‌లో అమెరికాలో కేసులు వేశాయి. కేసుల సంగతి ఎలా ఉన్నా చిన్న యాడ్ జింగిల్స్, వీడియోల వెనక వచ్చే మ్యూజిక్ లాంటి పనులకు ముందు దెబ్బ తగులుతుంది. డిప్లొమా చేసి బయటికొచ్చిన పిల్లలకు మొదట దొరికేవీ ఆ పనులే. నన్ను కలవరపెట్టేది ఇదే. రాగం తెలిసి సింగర్ తప్పును పట్టుకునే చెవి, డైరెక్టర్ సగం చెప్పిన మాటను అందుకునే నేర్పు ఉన్నవాళ్లకు పని దొరుకుతుంది. అవి గురువు దగ్గర, స్టూడియోలో వస్తాయి.

ఆన్‌లైన్‌లో పాట పెట్టేస్తే డబ్బులొస్తాయని కూడా పిల్లలు అనుకుంటున్నారు. 2024 నుంచి స్పాటిఫై అనే పాటల యాప్‌లో ఒక పాటను ఏడాదిలో కనీసం 1000 సార్లు వినకపోతే ఆ రికార్డింగ్‌కు రాయల్టీ రాదు.

హక్కుల సంగతి ఆ కోర్సులో ఎంత చెప్తారో కనుక్కోండి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమా పాటను థియేటర్లో సినిమాతోపాటు కాకుండా మరోచోట వాడుకుంటే పాట రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీలో హక్కులు తీసుకున్నవారితో సమానంగా వాటా రావాలి. వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఆ వాటాను మరొకరికి రాసివ్వడం కుదరదు. ఐపీఆర్ఎస్ అనే సొసైటీ ఆ డబ్బు వసూలు చేసి సభ్యులకు పంచుతుంది. అయితే ఈ వాటా ట్యూన్ కట్టినవాడిది. ఇంకొకరి ట్యూన్‌కు ప్రోగ్రామింగ్, మిక్సింగ్ చేసినవాడికి మాట్లాడుకున్న ఫీజే, విడిగా అగ్రిమెంటు రాసుకుంటే తప్ప. యూట్యూబ్ జానపదాలకు మ్యూజిక్ చేసే కుర్రాళ్లు కొంత మొత్తం తీసుకుని, చదవకుండా సంతకం పెట్టి, పాట హిట్టయ్యాక నా దగ్గరికొచ్చి బాధపడతారు. 2017లో ఇళయరాజా తన పాటలను అనుమతి లేకుండా పాడొద్దని బాలుగారికి నోటీసు పంపినప్పుడు మనమంతా నొచ్చుకున్నాం. పాట ఎవరి సొత్తు అన్న ప్రశ్న అప్పుడే మన ఇళ్లలోకి వచ్చింది. బాలుగారి గొంతును ఏఐతో పుట్టించి ఒక తెలుగు సినిమాలో వాడారని 2024లో ఆయన కుమారుడు చరణ్ నోటీసు పంపారు. మీవాడు వెళ్లాలనుకుంటున్న రంగంలో ఇప్పుడు ఇలాంటి తగాదాలే నడుస్తున్నాయి. వాటి గురించి తెలియకుండా దిగితే చాకిరీ తప్ప ఏమీ మిగలదు.

ఇక బీటెక్‌తో పోలిక. దాని గురించి మీకు తెలియనిది నేను చెప్పేదేముంది. ఈ రెంటిలో ఒకటి వదిలేస్తేనే రెండోది అని ఎందుకనుకుంటున్నారు? ఈసీఈలో సిగ్నల్ ప్రాసెసింగ్ చదువుతారు, శబ్దం మీద పనిచేసేవాడికి అది పనికొచ్చే చదువే. పుణెలోని ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో సౌండ్ కోర్సు డిగ్రీ తర్వాతే. అబ్బాయికి ఇంజినీరింగ్ అసలు గిట్టకపోతే మామూలు డిగ్రీ అయినా చాలు.

వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, వీలైతే హైదరాబాద్ కాలేజీలు ముందు పెట్టండి. స్టూడియోలు అక్కడున్నాయి, సెలవుల్లో అసిస్టెంటుగా చేరవచ్చు. అయినా డిప్లొమాకే మొగ్గితే, నిరుడు పాసైన ఇద్దరు విద్యార్థులతో మాట్లాడించమని ఆ సంస్థను అడగండి. వాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారో, నెలకు ఎంత వస్తోందో మీవాడే ఫోన్లో అడగాలి. మాట్లాడించకపోతే ఫీజు కట్టకండి.