స్కాట్ కౌంటీలో 1785 నాటి దస్తావేజు ఎందుకు లేదంటే

మీ అల్లుడి పూర్వీకుడు 1785లో భూమి కొన్న దస్తావేజు స్కాట్ కౌంటీలో ఎందుకు దొరకలేదని అడిగారు. కారణం, అప్పటికి అమెరికాలోని కెంటకీలో స్కాట్ కౌంటీయే (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) లేదు. అది 1792లో వుడ్‌ఫోర్డ్ కౌంటీ నుంచి విడిపోయింది. వుడ్‌ఫోర్డ్ అంతకు ముందు ఫేయెట్ కౌంటీలో భాగం.

చాలామంది పొరబడేది ఇక్కడే. కౌంటీ చీలినా పాత దస్తావేజు పుస్తకాలు తల్లి కౌంటీలోనే ఉండిపోతాయి. ఊరు నేటి పటంలో ఎక్కడున్నా సరే, ఆ ఏడాది అది ఏ కౌంటీయో ముందు తేల్చుకోండి.

1. ఫేయెట్ దస్తావేజుల సూచికలో కొన్నవారి, అమ్మినవారి పేర్లు రెండూ వెతకండి. 1803లో అక్కడి పుస్తకాలు చాలావరకు కాలిపోయాయి. మిగిలిన ముక్కలను తిరగరాసిన సంపుటాలను విడిగా అడగండి.
2. లేకపోతే కెంటకీ రాష్ట్ర భూమి కార్యాలయంలో వర్జీనియా ఇచ్చిన పట్టాలు చూడండి; 1785లో కెంటకీ వర్జీనియాలో భాగం.
3. 1790 జనగణన జోలికి వెళ్లకండి, కెంటకీది మిగల్లేదు. పన్ను జాబితాలే దిక్కు.