లైసెన్సు చేతికి రాకముందే తుపాకీకి అప్పా?

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం. పదిహేడేళ్ళు సైన్యంలో చేసి నాయక్‌గా నిరుడు ఇంటికి వచ్చాను. పెన్షన్ 19,000. ఒక బియ్యం మిల్లులో రాత్రి కాపలాకు 11,000 ఇస్తున్నారు. ఇంటి ఖర్చు 26,000. సొంత తుపాకీ, లైసెన్సు ఉంటే గన్‌మ్యాన్‌గా 22,000 వస్తుందంటున్నారు. లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను. అమెరికా వీడియోల్లో సైన్యం వాడిన పాత రైఫిళ్ళు చవకగా దొరకడం చూశాను. ఇక్కడ కూడా పాత త్రీనాట్‌త్రీ ఒకటి 40,000కు ఇప్పిస్తానని ఒక ఏజెంటు చెబుతున్నాడు. కొత్త పాయింట్ 315 రైఫిల్‌కు తూటాలు, ఇనుప బీరువాతో కలిపి 1,30,000 అవుతుందని దుకాణంలో చెప్పారు. నా దగ్గర 60,000 ఉంది. మిగతా 70,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి దొరుకుతుంది. లేదా భార్య ఆరు కాసుల బంగారం తాకట్టు పెట్టగలను. విరమణ డబ్బులో 4 లక్షలు తమ్ముడి రొయ్యల చెరువులో పెట్టాను. మొదటి తుపాకీగా ఏది కొనమంటారు?

జవాబు: ముందు ఆ ఏజెంటు సంగతి తేల్చేద్దాం. త్రీనాట్‌త్రీ మన చట్టం ప్రకారం నిషిద్ధ బోరు, అంటే మామూలు లైసెన్సు మీద ఉంచుకోకూడని గొట్టం కొలత. దానికి జిల్లా కలెక్టరు ఇచ్చే లైసెన్సు సరిపోదు, కేంద్ర హోం శాఖ అనుమతి ఉండాలి. కాపలా ఉద్యోగం కోసమని అడిగితే ఆ అనుమతి వస్తుందని ఆశ పెట్టుకోకండి. అనుమతి లేకుండా అలాంటి తుపాకీ ఇంట్లో దొరికితే, 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించిన తర్వాత శిక్ష కనీసం ఏడేళ్ళు. తీవ్రమైన నేరంలో శిక్ష పడినవారి పెన్షన్ ఆపే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. 40,000 తుపాకీ కోసం జీవితకాలపు పెన్షన్‌ను పణంగా పెడతారా? ఆ మనిషి ఫోన్ ఇక ఎత్తకండి.

మీరు వీడియోల్లో చూసింది వేరే దేశపు బజారు. అమెరికాలో యాభై ఏళ్ళు దాటిన రైఫిళ్ళను సేకరించేవారికి ప్రత్యేకంగా ఒక లైసెన్సు ఉంది. సోవియట్ యూనియన్ కూలిపోయాక రష్యా వారి మోసిన్ నాగాంట్ రైఫిళ్ళు అక్కడ వంద డాలర్ల లోపే దొరికిన రోజులున్నాయి. దిగుమతులు తగ్గాక అక్కడే వాటి ధర ఎన్నో రెట్లు పెరిగింది. చవకగా వచ్చే పాత తూటాలకూ కరువొచ్చింది. మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో 1960లలో తయారైన రైఫిళ్ళను సైతం అక్కడివారు పాత సరుకుగా కొనుక్కున్నారు. అవి 7.62 బోరువి కాబట్టి ఇక్కడ మీరూ నేనూ కొనలేం. మీకున్న దారి పాయింట్ 315. త్రీనాట్‌త్రీలో మీరెరిగిన, ప్రతి తూటాకూ చేత్తో లాగి మూసే బోల్టు పద్ధతే దానిలోనూ ఉంటుంది, లైసెన్సు ఇచ్చేది కలెక్టరే. ఇక పన్నెండు బోరు రెండు గొట్టాల తుపాకీ ఉంది. బ్యాంకుల ముందు గన్‌మ్యాన్ల చేతిలో ఎక్కువగా కనిపించేది అదే. ఏది కావాలో మీకు ఉద్యోగమిచ్చేవారు చెప్పాలి. వారినే అడగకుండా తుపాకీ ఎంచుకోవడం నాకు అర్థం కాలేదు.

ఈ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి అసలు కారణం తుపాకీ కాదు, మీ దగ్గరున్న 60,000. పదవీ విరమణ చేసి వచ్చిన సైనికుల లెక్కలు చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. డబ్బు చేతికొచ్చిన మొదటి సంవత్సరంలోనే అది ఇంటి శ్లాబుకో, చెల్లెలి పెళ్ళికో, తమ్ముడి చెరువుకో వెళ్ళిపోతుంది. మిగిలిన కాస్తనూ ‘ఇది ఖర్చు కాదు, సంపాదించి పెట్టే వస్తువు’ అని చెప్పి ఒక ఆటో మీదో తుపాకీ మీదో పెడతారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా బీరువాలోని బంగారం బయటికి వస్తుంది. మాజీ సైనికుల వైద్య పథకం ఉంది కదా అంటారు. ఆస్పత్రి బిల్లు అది చూసుకుంటుంది, మంచి మాటే. కానీ పదిహేను రోజులు విజయవాడలో ఉండి వచ్చే మనిషికి తిండి, ప్రయాణం, అన్నాళ్ళు పోయే జీతం ఏ పథకమూ ఇవ్వదు.

ఒక నాయక్ భార్య నా దగ్గరకు వచ్చిన రోజు ఇప్పటికీ గుర్తుంది. పాలిథిన్ కవరులోంచి తాకట్టు రశీదు, వేలం నోటీసు రెండూ తీసి బల్ల మీద పెట్టారు. రశీదులో ‘గాజులు జత, చంద్రహారం ఒకటి’ అని గ్రాములతో సహా ఉంది. నోటీసులో మాత్రం ఒక నంబరు, ఒక తేదీ. ఆ తేదీ దాటి నాలుగు రోజులైంది. భర్త అప్పు తెచ్చింది తప్పుడు పనికి కాదు, ఉద్యోగం వస్తుందని ముందే కొన్న సరంజామాకు. ఉద్యోగం ఎనిమిది నెలలు ఆలస్యమైంది, అంతే. ఆ మధ్యలో బతకడానికి ఇంట్లో ఏమీ పెట్టుకోలేదు.

మీ విషయంలోనూ అదే జరగబోతోంది. లైసెన్సు ఇంకా రాలేదు. వస్తుందన్న హామీ లేదు, ఎప్పుడన్న తేదీ లేదు. రెండు రూపాయల వడ్డీ మాత్రం తెచ్చిన మొదటి నెల నుంచే మొదలవుతుంది. 70,000కు నెలకు 1,400, ఏడాదికి 16,800, అసలు మాత్రం అలాగే ఉంటుంది. ఇప్పుడు మీకు నెలకు మిగులుతున్నది 4,000. అందులో మూడో వంతుకు పైగా, కాల్చని తుపాకీకి వడ్డీగా పోతుంది. ఇలాంటి అప్పు ఎవరు తెస్తానన్నా నేను ఒప్పుకోను, మీకైనా అంతే.

తమ్ముడి చెరువు కష్టకాలానికి అక్కరకొస్తుందని అనుకుంటున్నారేమో. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద చూశాం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే ఇక్కడ రొయ్యల రైతు చేయగలిగింది ఏమీ లేకపోయింది. మీకు కష్టం వచ్చిన నెలలోనే చెరువుకూ కష్టం రావచ్చు. అది దాచుకున్న డబ్బు కాదు.

పెన్షన్ ఉంది కాబట్టి మీకు ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలని పట్టుబట్టను. నాలుగు నెలలది చాలు, అంటే 1,04,000. 60,000 ఉంది. 44,000 తక్కువ. నెలకు 4,000 చొప్పున పదకొండు నెలలు. ఈలోగా లైసెన్సు సంగతి తేలుతుంది, భద్రతా శిక్షణ ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు, ఏ తుపాకీ కావాలో ఉద్యోగమిచ్చేవారి చేత కాగితం మీద రాయించుకోవచ్చు. ఈ 1,04,000ను సేవింగ్స్ ఖాతాలో కొంత, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో కొంత ఉంచండి. షేర్లు, చిట్టీలు ఈ డబ్బుకు వద్దు. సైన్యం నుంచి వచ్చాక మీ జీవిత బీమా ఎంత మిగిలిందో చూసుకుని, తక్కువైతే టర్మ్ పాలసీ తీసుకోండి.

లైసెన్సు, నియామక పత్రం రెండూ చేతిలో ఉన్న రోజున లెక్క మారుతుంది. నెలకు 11,000 అదనంగా వస్తే తుపాకీ ఖర్చు ఏడాదిలో తీరిపోతుంది. అప్పుడు రెండు కాసులు బ్యాంకులో పెట్టి కొంత తెచ్చుకుంటానంటే వద్దనను. వాడిన పాయింట్ 315 చూసినా తప్పులేదు, అమ్మేవారి లైసెన్సు, చట్టం చెప్పిన బదిలీ కాగితాలు సరిగా ఉంటే చాలు. గొట్టం లోపల తుప్పు ఉందేమో మీకు నేను చెప్పనవసరం లేదు. సైన్యంలో గొట్టం శుభ్రం చేసే పుల్‌త్రూ తాడు, నూనె, చిందీ గుడ్డ అన్నీ ప్రభుత్వమే ఇచ్చింది. మన డెల్టా వానాకాలపు తేమలో ఆ ఖర్చంతా ఇక మీదే. ఎన్నికలు వస్తే తుపాకీని స్టేషన్‌లో అప్పగించమంటారు. బ్యాంకు కాపలాలో ఉన్నవారికి సడలింపు దొరుకుతుంది, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నవారికి దొరకదు. పత్రం చేతికి రావాలని నేను అనడానికి అదొక కారణం.

పదకొండు నెలలు ఆగలేనంటే ఒక దారి ఉంది. ఈసారి చెరువు పట్టుబడి ఎప్పుడో తమ్ముడిని అడగండి. సరుకు అమ్మిన రోజే, మళ్ళీ రొయ్య పిల్ల, మేత కొనకముందే, అందులోంచి 44,000 మీ ఖాతాకు వేయించుకోండి. మిగతా 3,56,000 ఎప్పుడు, ఎలా తిరిగి ఇస్తాడో అదే రోజున కాగితం మీద రాయించుకోండి.