కెటమిన్ గంటల్లో పనిచేస్తే, మామూలు డిప్రెషన్ మాత్రలకు వారాలెందుకు?

రెండు రకాల మాత్రలు నెలల తరబడి వాడినా మీ అక్కగారికి తగ్గలేదనీ, డాక్టరు కెటమిన్ (ఆపరేషన్లలో ఇచ్చే మత్తుమందు) డ్రిప్ చెప్పారనీ రాశారు. మత్తు ఉన్నంతసేపే హాయిగా ఉంటుందా అన్నది మీ అనుమానం. అలా కాదు. రక్తంలో కెటమిన్ రెండు మూడు గంటల్లో సగానికి పడిపోతుంది. మనసు తేలికపడటం మాత్రం మత్తు దిగాక మొదలై, మర్నాటికి బాగా తెలిసి, కొన్ని రోజులు నిలుస్తుంది. మందు వెళ్లిపోయాక కూడా మెదడులో ఏదో పని సాగుతోందన్నమాట.

ఎస్సిటలోప్రామ్ లాంటి మాత్రలు న్యూరాన్ల (మెదడు కణాల) మధ్య సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచుతాయి. ఆ పెరుగుదల మొదటి రోజుల్లోనే వస్తుంది, దానికి తగ్గట్టు న్యూరాన్లు మారడానికే వారాలు పడుతుంది. కెటమిన్ దారి గ్లూటమేట్‌ది, అంటే న్యూరాన్లను ఉత్తేజపరిచే రసాయనానిది. గ్లూటమేట్‌ని అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ మధ్యలో ఉండే రంధ్రం తెరుచుకున్నప్పుడు అందులో దూరి అడ్డుపడుతుంది. కాబట్టి ఎడతెగకుండా పనిచేస్తూ, గాబా అనే అణిచే రసాయనాన్ని వదిలే ఇంటర్‌న్యూరాన్ల మీదే దాని ప్రభావం ముందు పడుతుందని ఎక్కువమంది చెప్పే వివరణ. మిగతా న్యూరాన్లకు కళ్లెం వేసి ఉంచేవి అవే. ఆ కళ్లెం వదులవగానే మెదడు ముందుభాగంలోని ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో గ్లూటమేట్ ఒక్కసారిగా విడుదలై ఆంపా అనే ఇంకో రకం రిసెప్టర్లను తడుతుంది. దాంతో బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ బయటికొస్తుంది, ఎంటార్ అనే వ్యవస్థ మేల్కొంటుంది, సినాప్సులకు (న్యూరాన్లు ఒకదానితో ఒకటి కలిసే చోట్లకు) కావలసిన ప్రోటీన్లు తయారవుతాయి. 2010లో యేల్‌లో రోనాల్డ్ డూమన్ బృందం ఎలుకల్లో చూసింది ఇదే: ఒక్క డోసు ఇచ్చిన 24 గంటల్లో న్యూరాన్ల కొమ్మల మీద కొత్త స్పైన్లు (సినాప్సులు ఏర్పడే చిన్న మొలకలు) మొలిచాయి. రాపమైసిన్ అనే మందుతో ఎంటార్‌ని ఆపితే స్పైన్లూ రాలేదు, గుణమూ కనిపించలేదు.

2019లో చిట్టెలుకల మీద చేసిన ఇంకో పరిశోధన నాకు ఇంతకన్నా ముఖ్యమనిపిస్తుంది. ప్రవర్తన ముందు మెరుగైంది, స్పైన్లు ఆ తర్వాత వచ్చాయి. ఆ కొత్త స్పైన్లను చెరిపేస్తే వచ్చిన గుణం నిలవలేదు. అంటే తేలికపడటం ఒకటి, అది నిలబడటం ఇంకొకటి. మొదటిదానికి లేటరల్ హెబెన్యులా అనే చిన్న భాగంలో న్యూరాన్ల అలజడి అణగడం కారణం కావచ్చని 2018లో చైనాలో హు హైలాన్ బృందం ఎలుకల్లో చూపించింది. ఎన్‌ఎండీఏని మూయడమే మొత్తం కథ అనుకోకండి. మతిమరుపు జబ్బుకు వాడే మెమాంటిన్ కూడా అదే రంధ్రాన్ని మూస్తుంది, డిప్రెషన్‌కి మాత్రం పనిచేయలేదు.

ఇక మోతాదు. కిలోకి 0.5 మిల్లీగ్రాములు, 40 నిమిషాల్లో నెమ్మదిగా ఎక్కించాలి. 60 కిలోల మనిషికి 30 మిల్లీగ్రాములు. ఆపరేషన్‌కి మత్తివ్వాలంటే కిలోకి 1 నుంచి 2 మిల్లీగ్రాములు నిమిషంలో ఇస్తారు, తేడా చూడండి. డ్రిప్ వేగంగా పోతే బీపీ ఎగబాకుతుంది, ఒంట్లోంచి బయటికొచ్చినట్టు, గది సాగినట్టు అనిపించడం ఎక్కువవుతుంది. అందుకే ఇన్ఫ్యూజన్ పంపు, బీపీ, ఆక్సిజన్ చూసే మానిటర్ లేనిచోట వద్దు.

అమెరికాలో కార్లోస్ జరాటే బృందం 2006లో 18 మందికి ఇదే మోతాదు ఇచ్చింది. మర్నాటికి 71 శాతం మందికి గుణం కనిపించింది, వారానికి 35 శాతం మందిలోనే మిగిలింది. అందువల్లే ఒక్క డోసుతో ఆపరు. వారానికి రెండు మూడు చొప్పున ఆరు డోసుల దాకా ఇచ్చి, తర్వాత ఎడం పెంచుతారు. ఆరు అయ్యాక ఏం చేస్తారో ముందే అడగండి, చాలామంది మళ్లీ డిప్రెషన్‌లోకి జారిపోయేది అక్కడే. పాత మాత్ర ఆపమని డాక్టరు చెప్పకపోతే కొనసాగించాలి.

మన దగ్గర నిద్రకీ ఆందోళనకీ క్లోనజెపామ్, ఆల్ప్రజోలామ్ విరివిగా రాస్తారు. అవి గాబా పనిని పెంచుతాయి కాబట్టి, ఎక్కువ మోతాదులో ఉంటే కెటమిన్ గుణం తగ్గవచ్చు. అలాగని సొంతంగా ఆపొద్దు, ఫిట్స్ రావచ్చు. డాక్టరుకు మోతాదుతో సహా చెప్పండి. అదుపులో లేని బీపీ, రక్తనాళాల్లో ఉబ్బు, స్కిజోఫ్రీనియా ఉంటే అదీ ముందే చెప్పాలి. డ్రిప్ రోజు తోడు ఒకరుండాలి. రాత్రి నిద్రపోయి లేచేదాకా అక్కగారు బండి తోలకూడదు.

మింగే కెటమిన్ ఇంట్లో ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. కాలేయమే చాలావరకు విరిచేసి, సుమారు ఐదో వంతే రక్తంలోకి చేరుతుంది. పైగా ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి నియంత్రణ ఉన్నది. అదేపనిగా వాడితే మూత్రాశయం దెబ్బతింటుంది. ముక్కులో కొట్టే ఎస్‌కెటమిన్‌కి (కెటమిన్‌లోనే ఒక రూపం) అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. 56 లేదా 84 మిల్లీగ్రాముల ఆ స్ప్రేని కూడా క్లినిక్‌లోనే వాడి, రెండు గంటలు అక్కడే కూర్చోబెడతారు.

చనిపోవాలన్న ఆలోచనలు కెటమిన్‌తో ఒక్క రోజులో తగ్గడం పరిశోధనల్లో కనిపించింది, అయినా ఆ తగ్గుదల కూడా కరిగిపోగలదు. అక్కగారికి అలాంటి ఆలోచనలుంటే డోసుల మధ్య రోజుల్లో ఒంటరిగా ఉంచకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా తెలుగులో మాట్లాడవచ్చు.