అటక ఖాళీ చేయడం అత్తగారి సామానుతో మొదలుపెట్టకండి

నెల్లూరులో సొంతిల్లు వదిలి చిన్న ఫ్లాట్‌కి మారుతున్నామని, అటక మీది ఇత్తడి బిందెలు, పాత పట్టుచీరలు వదలడానికి మీ అత్తగారు ఒప్పుకోవడం లేదని రాశారు కదండీ. ముందు ఆవిడ సామాను జోలికి వెళ్లకండి. మీవి, మీ ఆయనవి, పిల్లలవి తీయండి. పెళ్లిళ్లలో వచ్చిన స్టీలు డబ్బాలు, పనిచేయని మిక్సీ, మీరు కట్టని చీరలు. ఆవిడ కళ్లముందే మీ వాటా తగ్గితే మాట సులువవుతుంది.

పట్టుచీరల సంగతే అసలు టెన్షన్. మేలిమి జరీ అంటే వెండి తీగ, పైన బంగారు పూత. మన సముద్రపు గాలికి, తేమకి అది నల్లబడుతుంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే పట్టు అక్కడే చిరుగుతుంది. కాబట్టి దాచడం కంటే కట్టుకునేవాళ్లకి ఇవ్వడమే చీరకి మేలని నా గట్టి నమ్మకం. ఏది ఎవరికో ఆవిడనే చెప్పమనండి, ఆవిడ చేతుల మీదుగానే ఇప్పించండి. నాలుగైదు ఉంచుకుంటానంటే ఉంచుకోనివ్వండి, పాపం. జరీ కొంటామని వీధిలోకి వచ్చేవాళ్లకి మాత్రం తొందరపడి ఇవ్వొద్దు. వెండి ఎంతుందో పరీక్ష చేయించాకే బేరం.

ఇత్తడిలో రోజూ వాడేవి చాలు, మిగతావి తూకానికి అమ్మేయండి. రాగికి ధర ఎక్కువ, రెండూ కలిపి తూయనివ్వకండి. పాత ప్లాస్టిక్, బ్యాటరీలు భోగి మంటలో వేయొద్దు.

అక్టోబరు వానలు మొదలయ్యేలోపే ఈ పని చూసుకోండి. ముసురు పట్టాక బట్టలు ఆరబెట్టి సర్దడం చాలా కష్టం.