డప్పుకి చోటు వదులు

బుజ్జమ్మా,

నువ్వు పంపిన ప్రాజెక్ట్ ఫైల్ తెరిచి చూశాను. మీ అమ్మ ఫోన్‌లో విషయం చెప్పినప్పటి నుంచీ ఒకపక్క గర్వంగా ఉంది, ఇంకోపక్క గుబులుగా ఉంది. ఉద్యోగానికి ఆర్నెల్లు సెలవు పెట్టి, సొంతంగా మూడు టెక్నో పాటలు (మెషీన్ బీట్ మీద నడిచే డాన్స్ సంగీతం) చేసి, డిసెంబరులో హైదరాబాద్‌లో స్టేజి ఎక్కుతానంటున్నావు. మనింట్లో ఇంతవరకూ ఎవరూ చెయ్యని పని. అందులో డప్పు పెట్టాలన్న ఆలోచన నీ అంతట నీకే రావడం నాకు మరీ సంతోషం. ఉద్యోగం సంగతి నువ్వూ మీ అమ్మా తేల్చుకోండి, నేను తలదూర్చను. నేను రాసేది ఆ ఫైల్ గురించి. అందులో 74 ట్రాకులున్నాయి, ఒక్కో శబ్దానికి ఒక్కో వరస. డ్రాప్ దగ్గర, అంటే ఊపు ఒక్కసారిగా విరుచుకుపడే చోట, 41 ఒకేసారి మోగుతున్నాయి. మిగతావన్నీ మ్యూట్ చేస్తే గానీ డప్పు ఎక్కడుందో నాకు దొరకలేదు.

"ఎన్ని సౌండ్లు పెట్టాలి మావయ్యా?" అని అడిగావు కదా. ముందు అంకె చెప్పేస్తాను. ఏ క్షణంలో చూసినా నాలుగు, మహా అయితే ఐదు. పాట మొత్తం మీద ఎనిమిదో పదో. కిక్ (దబ్బుమనే కింది డ్రమ్ము), బేస్ (కింది స్వరాల వరస), డప్పు, ఒక సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) వరస, అవసరమైనచోట ఒక హ్యాట్ (చిస్సుమనే సన్నటి తాళం). వంద ట్రాకులతో గొప్పగా చేసేవాళ్ళు లేరని కాదు. కానీ నీ మొదటి రికార్డుకి, అదీ డప్పు మీద నిలబడాల్సిన టెక్నోకి, ఇంతకు మించితే నష్టమే.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. ట్రాకులకి పేర్లు పెట్టు, "ఆడియో 37" అంటే రేపు నీకే అర్థం కాదు. కిక్కూ బేసూ మోనోలో, అంటే రెండు చెవుల్లోనూ ఒకేలా, ఉంచు. కంపోజ్ చేసేటప్పుడు మాస్టర్ మీద, అంటే అన్నీ కలిసి వెళ్ళే చివరి దారి మీద, శబ్దాన్ని హద్దులో నొక్కిపట్టే లిమిటర్ వద్దు. బ్యాకప్ రెండుచోట్ల.

ఇక అసలు సంగతి. కొత్త లేయర్ వేసిన ప్రతిసారీ పాట బాగుపడినట్టు అనిపిస్తుంది. ఇంకో సౌండ్ చేరగానే మొత్తం లెవెల్ పెరుగుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సమానమైన శబ్దాలు కలిస్తే దాదాపు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. కొంచెం గట్టిగా వినిపించిందాన్ని చెవి "ఇదే బావుంది" అనుకుంటుంది. మనిషి చెవి తీరే అంత, అనుభవం ఉన్నా లేకపోయినా. అందుకని లేయర్ వేశాక మొత్తం లెవెల్‌ని మీటర్లో పాత అంకెకి దించు. అప్పుడు ఆ లేయర్ ఉన్నదీ లేనిదీ పక్కపక్కన పెట్టి విను. నీ ఫైల్లో డ్రాప్ దగ్గర నేను అలా చేసి చూశాను. ఆ గాలి హోరు, తిరగేసి వాయించిన సింబల్, సాగదీసిన సింథ్ స్వరాల ప్యాడ్లు మూడు, రెండో క్లాప్, ఇవేవీ నిలబడలేదు.

ఇంకో చిక్కుంది. ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర రెండు శబ్దాలు కూర్చుంటే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. కింది శబ్దాలు పైవాటిని కప్పేసినంతగా పైవి కిందివాటిని కప్పలేవు. నువ్వు కిక్ కోసమని మూడు కిక్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చావు. అవి ఫేజ్ కలవక, అంటే అలల ఎత్తుపల్లాలు ఒకేసారి పడక, ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మూడూ కలిపి ఒక్కదానికన్నా పల్చగా వినిపిస్తున్నాయి. ఏదో ఒకటి ఉంచి మిగతా రెండూ తీసెయ్. నీ టెంపో 128. అంటే ఒక బీట్‌కీ ఇంకో బీట్‌కీ మధ్య 469 మిల్లీసెకన్లు, ఆఫ్‌బీట్, అంటే రెండు బీట్ల నడిమధ్య, 234 దగ్గర పడుతుంది. నీ బేస్ ఆఫ్‌బీట్ మీద ఉంది. కిక్ తోకేమో 400 దాకా సాగుతోంది. ఇద్దరూ ఒకేచోట తోసుకుంటున్నారు కాబట్టే నీకు బేస్ చాల్లేదనిపించి ఇంకో బేస్ వేశావు. కిక్ డికేని, అంటే ఆ తోక పొడవుని, 200కి కుదించి చూడు, రెండో బేస్ అక్కర్లేదని నీకే తెలుస్తుంది. కిక్ పడ్డప్పుడల్లా బేస్ తనంతట తానే తగ్గే సైడ్‌చైన్ ఆలోచన ఆ తర్వాత.

ఈ సంగీతం పుట్టిందే ఇరుకులో తల్లీ. రోలాండ్ వాళ్ళు 1980లో తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషీన్‌లో మొత్తం 16 చప్పుళ్ళుంటే, ఒకసారికి వాడుకోగలిగేవి 11. లో టామ్ డ్రమ్ము కావాలంటే లో కాంగా డ్రమ్ము వదులుకోవాలి. చప్పట్లు కావాలంటే మరకాస్ గలగల ఉండదు. మధ్యలో చిన్న స్విచ్, అటో ఇటో తేల్చుకోమంటుంది. టీబీ-303 అనే బేస్ సింథ్ అయితే ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. కొనేవాళ్ళు లేక ఆపేసిన ఆ పెట్టెను సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా కొనుక్కుని, ఫిల్టర్ నాబ్ తిప్పుతూ షికాగో కుర్రాళ్ళు ఒక కొత్త రకం సంగీతమే తయారుచేశారు. మనదగ్గర బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ గారని హిందీ సినిమాలకి వాయించిన సెషన్ వాద్యకారుడు ఉండేవారు. 1982లో ఆ రెండు పెట్టెలూ, ఒక జూపిటర్-8 సింథూ పెట్టుకుని పది రాగాలు డిస్కో బీట్ మీద వాయించి రికార్డు తెచ్చారు. అప్పట్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. ఒకసారి కూర్చుని విను. కింద బీట్, మధ్యలో 303, పైన రాగం. ప్రతి గమకమూ వినపడుతుంది, ఎందుకంటే దానికి అడ్డొచ్చేది ఏదీ లేదు.

నా గుబులుకి కారణం ఇప్పుడు చెబుతాను. గురువుగారు నీకు గుర్తుండాలి. చిన్నప్పుడు మనింటికొస్తే నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కీబోర్డు మీద రైలు చప్పుడు వాయించేవారు. రిథమ్ ప్రోగ్రామింగ్‌లో నాకు ఓనమాలు దిద్దించింది ఆయనే. 1990ల చివర్లో జానపద పాటలకి డాన్స్ బీట్ కట్టి క్యాసెట్లు వేసేవాళ్ళు. అలాంటి పని ఒకటి మాకొచ్చింది. నల్గొండ వైపు నుంచి డప్పు వాయించే ఆయన్ని పిలిపించారు, ఒక్క రోజు కూలికి. ఆయన స్టూడియో వెనక ఎండుగడ్డి మంట వేసి, డప్పు కాచి, వేలితో తట్టి చూసుకుని, మళ్ళీ కాచి, అప్పుడు లోపలికొచ్చారు. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. చిర్ర దెబ్బకి గుండెలో గుమ్మనేది. సిటికెన పుల్ల దాని సందుల్లోంచి టకటకా పరిగెత్తేది. గురువుగారు దాని కింద ఒక్క కిక్ వేశారు. అంతే. ఆ రెండిటికే కంట్రోల్ రూమ్‌లో టీ తెచ్చిన కుర్రాడు కప్పులు కింద పెట్టి అడుగులేశాడు.

అక్కడ ఆపేయాల్సింది. డబ్బు పెట్టినాయన "ఇంకా నిండుగా కావాలి" అన్నాడు. గురువుగారు కాదనలేకపోయారు. డోలక్ లూప్ వచ్చింది, చప్పట్లొచ్చాయి, కోర్గ్ ఎం1 కీబోర్డు మీద స్ట్రింగ్స్, బ్రాస్ వచ్చాయి. మా టేప్ మెషీన్‌కి ఉన్నవి ఎనిమిది ట్రాకులు. అవి దాదాపు నిండిపోయాయి. ఇంకో బెల్ సౌండ్‌కి చోటు కావాలని ఆయన డప్పునీ, డోలక్‌నీ, చప్పట్లనీ కలిపి ఒకే ట్రాక్ మీదికి బౌన్స్ చేసి, ఖాళీ అయిన ట్రాకుల మీద కొత్తవి ఎక్కించారు. టేప్‌లో అన్‌డూ ఉండదమ్మా. ఒకసారి కలిపేశాక, దాని మీద ఇంకోటి రికార్డ్ చేసేశాక, డప్పు ఒక్కదాన్నే పెంచే ఫేడర్ అంటూ ఒకటి ఈ లోకంలో లేదు. మర్నాడు ఆటోలో క్యాసెట్ పెట్టి వింటే దబదబా ఒక మోత, పైన బుస్సుమని చప్పట్లు. చిర్ర దెబ్బ కిక్ కింద పోయింది, సిటికెన పుల్ల చప్పట్లలో పోయింది. డప్పు పెంచుదామంటే డోలక్కూ చప్పట్లూ కూడా లేస్తున్నాయి. డప్పాయన్ని మళ్ళీ పిలవడానికి డబ్బు ఇచ్చేది లేదన్నారు.

గురువుగారు దాన్ని తన తప్పుగా నెత్తినేసుకున్నారు. కింది, పై శబ్దాల్ని విడిగా పెంచి తగ్గించే ఈక్యూ తిప్పుతూ, హెడ్‌ఫోన్స్‌లో వాల్యూమ్ చివరికంటా పెట్టి, ఆ కలిసిపోయిన ట్రాక్‌లోంచి సిటికెన పుల్లని బయటికి లాగాలని రాత్రులు రాత్రులు కూర్చున్నారు. దొరకలేదు. క్యాసెట్ అలాగే మార్కెట్లోకి వెళ్ళింది. ఆయన చెవుల్లో మొదలైన గీమనే మోత మాత్రం మళ్ళీ ఆగలేదు. డాక్టరు టెస్ట్ చేసి, 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి పడిపోయిందన్నారు. పెద్ద శబ్దాలకి మొదట దెబ్బతినేది సాధారణంగా అక్కడే. లోపలి చెవిలో ఆ సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ మొలవవు. ఇప్పుడు ఆయన పక్కన కూర్చుని డప్పు రికార్డింగ్ పెడితే గుమ్ము వినపడుతుంది గానీ, టకటక వినపడదు. రాత్రి ఆ మోత తెలియకుండా ఉండటానికి చలికాలంలో కూడా ఫ్యాన్ వేసుకుని పడుకుంటారు.

నీకు అన్‌డూ ఉంది, ఎన్ని ట్రాకులైనా ఉన్నాయి, కాబట్టి ఆ టేప్ ప్రమాదం లేదు. కానీ రెండోది, చెవుల ప్రమాదం, ఉంది. మిక్స్ కిక్కిరిసిపోతే, ఒకటి వినపడ్డంలేదని ఇంకోటి పెంచుతావు, అది పెంచాక మొత్తం పెంచుతావు. "రాత్రి రెండింటి దాకా హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఉంటోంది, పిలిచినా పలకదు" అని మీ అమ్మ చెప్పింది. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు పనిచెయ్యొచ్చంటారు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పావుగంట. నువ్వు 41 సౌండ్లలోంచి డప్పుని వెతుక్కునే వాల్యూమ్ ఎంతుంటుందో నేను ఊహించగలను. కోప్పడుతున్నానని అనుకోకు. నిజంగానే కోప్పడుతున్నాను కూడా. నీ చెవులు బాగుండాలి, ఆ తర్వాతే ఏ రికార్డైనా.

అందుకే నాలుగంటున్నాను. నాలుగు సౌండ్లుంటే తక్కువ వాల్యూమ్‌లో పని చెయ్యొచ్చు. పక్కగదిలో మీ అమ్మ మాట్లాడేది వినపడేంత తగ్గించి కంపోజ్ చెయ్. అంత చిన్నగా పెట్టినా నాలుగూ విడివిడిగా తెలిస్తే లెక్క సరిపోయినట్టే. ఏదైనా తెలియకపోతే దాన్ని పెంచకు, దానికి అడ్డమున్నదాన్ని తీసెయ్. ఫోన్ స్పీకర్లో కూడా విను. అందులో 50 హెర్ట్జ్ కిక్ ఎలాగూ రాదు, డప్పు ఒక్కటే పాటని మోయగలగాలి. కిక్ గుమ్మనే చోట డప్పు అడుగుని ఫిల్టర్‌తో కాస్త కొయ్యి, కానీ సిటికెన పుల్ల ఉండే పైభాగం జోలికి ఎవర్నీ రానివ్వకు. క్లాప్ అస్సలు వద్దు, ఆ పని సిటికెన పుల్లే చేస్తుంది.

ఆరు నిమిషాలు నాలుగిటితో ఎలా లాగాలి, బోరు కొట్టదా అంటావు. ఉన్నదాన్నే మార్చు. సింథ్ ఫిల్టర్‌ని 32 బార్ల (ఒక్కో బార్‌కి నాలుగు బీట్లు) మీద మెల్లగా తెరువు. ఎనిమిది బార్లు కిక్ తీసేసి డప్పుని ఒంటరిగా వదులు, కిక్ తిరిగొచ్చినప్పుడు జనం ఎలా ఊగుతారో నువ్వే చూస్తావు. 41 ఒకేసారి మోగించిన డ్రాప్‌లో ఆ ఊపు రాదు, ఎందుకంటే తీసెయ్యడానికి అక్కడ ఖాళీ లేదు. ఇంకో కొత్త సౌండ్ తేవాలనిపిస్తే ఉన్నవాటిలో ఒకటి బయటికి వెళ్ళాలి.

74 ట్రాకుల ఫైల్ చెరపకు, పక్కన పెట్టు. కొత్త ఫైల్లో కిక్, డప్పు రెండే వేసి మూడు నిమిషాలు కట్టు. అది నిలబడ్డాకే బేస్. ఆదివారం లోపల నాకు పంపు, గురువుగారి దగ్గరికి తీసుకెళ్ళి వినిపిస్తాను. కింది భాగం ఎలా కూర్చుందో ఆయన నాకన్నా బాగా చెబుతారు. ఈలోగా చెవి డాక్టరు దగ్గరికెళ్ళి ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించుకో, అరగంట పని. ఆ రిపోర్టు కూడా ఫైల్‌తో పాటే పంపు. అది రాకపోతే నేను పాట వినను.

మీ మావయ్య