బుజ్జీ, ముందు ఆ గరాజ్‌లో హీటర్ ఎక్కడుందో చూడు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు కారు కింద దూరుతుందట్రా, శనివారం, ఎవరో ఫ్రెండ్ వాళ్ళ గరాజ్‌లో" అంది. నిన్ను తిట్టమని చేసిందో మెచ్చుకోమని చేసిందో తనకే తెలియనట్టుంది. నేను ఫోన్ పెట్టేసి కాసేపు నవ్వుకున్నాను. మన ఇంట్లో తాతయ్య, నేను అయ్యాక మళ్ళీ స్పానర్ పట్టింది నువ్వే. ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు, గరాజ్ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా.

నీ కారుకి చెక్ ఇంజన్ లైటు వెలిగితే, తప్పెక్కడుందో చెప్పే కోడ్ చదివించావట, అది పి0455 అట కదా. అంటే పెట్రోల్ ఆవిరి ఎక్కడో బాగానే బయటికి పోతోందని. పి0442 అయితే ఒక మిల్లీమీటరంత కన్నం, పి0456 అయితే అర మిల్లీమీటరు. నీది పెద్ద లీక్, దొరకడం తేలిక. ఇది కారుని దారి మధ్యలో ఆపేసే జబ్బు కాదు కాబట్టి కంగారు పడకు. చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే నడుపుకో. టపటపా కొట్టుకుంటే మాత్రం అది వేరే రోగం, పక్కకి ఆపి నాకు ఫోన్ చెయ్యి.

ముందు పెట్రోల్ ట్యాంకు క్యాప్ చూడు, రబ్బరు పగిలిందేమో. కొత్తది కొంటే ఆ కారు కంపెనీదే కొను. బిగించగానే లైటు పోలేదని ఏడవకు. లీక్ పోయిందా లేదా అన్న పరీక్ష కారు తనంతట తను చేసుకుంటుంది, అదీ రాత్రంతా చల్లబడి ఉండాలి, ట్యాంకు మరీ ఖాళీగానో మరీ నిండుగానో ఉంటే చేయదు. పావుకీ ముప్పావుకీ మధ్య పెట్టుకుని నాలుగైదు రోజులు కాలేజీకి తిరుగు.

క్యాప్ కాకపోతే రెండు వాల్వులున్నాయి, వాటి దగ్గరే అందరూ తికమకపడతారు. ఇంజన్ దగ్గరుండి ఆవిరిని అందులోకి వదిలే పర్జ్ వాల్వ్ కరెంటు లేనప్పుడు మూసుకుని ఉండాలి. వెనక, ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా దగ్గరుండి బయటి గాలిని రానిచ్చే వెంట్ వాల్వ్ కరెంటు లేనప్పుడు తెరుచుకుని ఉండాలి. ఒకదానికొకటి తలకిందులు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, పర్జ్ వాల్వ్‌కి డబ్బా వైపు నుంచి వచ్చే గొట్టం ఊడదీసి, వాల్వ్ మూతి మీద వేలు పెట్టు. లాగుతోందంటే అది తెరుచుకుని ఇరుక్కుపోయింది. పెట్రోల్ కొట్టించాక బండి స్టార్ట్ అవడానికి మొరాయిస్తోందా? అయితే ముందు దాన్నే అనుమానించు. వెంట్ దగ్గర సాలీళ్ళూ కందిరీగలూ గూళ్ళు కడతాయి, అదీ చూడు. గొట్టాలు ఇరవై ఏళ్ళవి కదా, వంపుల దగ్గర వేలితో నొక్కి చూస్తే పగుళ్ళు తెలుస్తాయి. మంచు కురిసే ఊళ్ళ నుంచి వచ్చిన బండి అయితే పెట్రోల్ పోసే గొట్టం ఉప్పుకి తుప్పు పట్టి ఉంటుంది, దాని మీద మట్టి తుడిచి మరీ చూడు.

నోటితో గొట్టాలు పీల్చకు. తాతయ్య అలా పీల్చేవాడు. తెనాలిలో స్కూటర్‌లోంచి సీసాలోకి పెట్రోల్ తియ్యాలంటే సన్న పైపు పెట్టి ఒక్క గుక్క లాగి, ఉమ్మేసి, "ఛీ, చేదు" అని నవ్వేవాడు. వాకిలంతా ఆ వాసనే. నాకు పెట్రోల్ వాసనంటే నాన్న. అందుకే దానికెప్పుడూ భయపడలేదు, నా తప్పు అక్కడే మొదలైంది.

నాన్నది ఇంకో అలవాటు కూడా నాకు వచ్చింది. ట్యాంకు నిండా, మూతి దాకా కొట్టించడం. హ్యూస్టన్‌లో బంకులో నాజిల్ టక్‌మని ఆగాక కూడా మళ్ళీ రెండుసార్లు, మూడుసార్లు నొక్కి, ఇరవై డాలర్లకో ఇరవై ఐదుకో లెక్క సరిచేసేవాణ్ణి. చిల్లర మిగలకూడదని! నాజిల్ ఆగిందంటే ఇంక చాలని దాని అర్థం. ఆ పైన పోసింది ఎక్కడికి పోతుందో తెలుసా? ఆవిరిని మాత్రమే పట్టడానికి పెట్టిన బొగ్గు డబ్బాలోకి, ద్రవంగా. స్పాంజిని బకెట్‌లో ముంచినట్టు.

2004 ఆగస్టు. నా బండికి లైటు వచ్చింది, ఇన్‌స్పెక్షన్ దగ్గరపడింది. నేనేం చేశాను? క్యాప్ మార్చాను. పోలేదు. పర్జ్ వాల్వ్ మార్చాను. పోలేదు. ఎవరో మెకానిక్ గొట్టాల్లోకి పొగ పంపి లీక్ ఎక్కడుందో చూస్తాను, తొంభై డాలర్లవుతుంది అంటే, పొగ పెట్టడానికి తొంభయ్యా అని వెటకారం చేసి ఇంటికొచ్చేశాను. అప్పటికే సామాన్లకి అంతకు రెట్టింపు పెట్టాను, అది లెక్కలోకి రాలేదు చూడు!

శనివారం సాయంత్రం. బయట దోమలు, ఉక్క. గరాజ్ తలుపు కిందికి దించి, ఫ్యాన్ పెట్టుకుని, చేతిలో వేలాడే బల్బు, అప్పట్లో అందరి దగ్గరా ఉండే గాజు బల్బు, పట్టుకుని కారు కింద పడుకున్నాను. డబ్బా గొట్టం లాగాను. ఆవిరి వస్తుందనుకున్నాను, పెట్రోలే వచ్చింది. గ్లాసుడు ఉంటుందేమో. మోచేతి మీదుగా కారి నేల మీద పరుచుకుంది. నాకు భయం వెయ్యలేదు బుజ్జీ, గుడ్డ కోసం తడుముకుంటున్నాను అంతే.

అప్పుడు మీ అత్తయ్య వంటింటి తలుపు తీసింది. అప్పటికి తనకి ఏడో నెల. "ఏంటండీ ఈ వాసన" అంటూ గరాజ్ తలుపు తెరవడానికి మీటకేసి చెయ్యి చాపింది. ఒక్క అరుపు అరిచాను, "స్విచ్ ముట్టుకోకు!" అని. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట. మా అమ్మ మాట అది, వంటింట్లో సిలిండర్ వాసన వస్తే స్విచ్ వెయ్యకు, కిటికీ తియ్యి అని. మనింట్లో నీకూ చెప్పే ఉంటారు. ఆమెని లోపలికి పొమ్మని, నేను పాక్కుంటూ బయటికొచ్చి, తలుపుని మోటారు నుంచి విడదీసే, పైన వేలాడే ఎర్ర తాడు లాగి తలుపు చేత్తో ఎత్తాను. బల్బూ ఫ్యానూ అలాగే తిరుగుతూ వెలుగుతూ ఉన్నాయి, వాటి జోలికి పోలేదు.

రోడ్డు మీద నిలబడి వెనక్కి చూస్తే అప్పుడు కనపడింది. మూలన గ్యాస్ వాటర్ హీటర్, కింద చిన్న నీలం మంట. రోజూ పక్కనుంచే పోయేవాణ్ణి, అది మంట అని ఒక్కసారి కూడా అనుకోలేదు. దాన్ని అడుగున్నర ఎత్తు దిమ్మ మీద పెట్టారు. ఇల్లు కొన్నప్పుడు, ఇదెందుకు, చోటు దండగ అని సణిగాను కూడా. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, మన సిలిండర్ గ్యాస్‌లాగే నేల పట్టుకుని పాకుతుంది, మంట అందకూడదనే అంత ఎత్తు. ఆ దిమ్మే లేకపోతే నీ బావ పుట్టేవాడు కాదు. వాడికి ఈ సంగతి చెప్పకు.

డబ్బా మార్చాక లైటు పోయింది. పాతది చేత్తో పట్టుకుంటే ఇటుకంత బరువుంది. దాని లోపలి బొగ్గు రవ్వలు పర్జ్ వాల్వ్ దాకా వెళ్ళి, నేను కొత్తగా కొన్న వాల్వ్‌ని కూడా పాడుచేశాయి.

కాబట్టి శనివారం గరాజ్ వద్దు. బయట డ్రైవ్‌వేలో చెయ్యండి, పగలు. ఎల్ఈడీ టార్చ్ వాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరావంటే నేనే వచ్చి చెవి మెలిపెడతా, స్టాండ్లు పెట్టు. టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్‌తో ఈ గొట్టాల్లోకి గాలి పెట్టి లీక్ వెతుకుతామని ఎవరైనా అంటే వాళ్ళని ఇంటికి పంపెయ్యి, ఈ సిస్టమ్ తట్టుకునేది ఒక్క పీఎస్ఐ లోపే, టైరులో ముప్పై రెండు ఉంటుంది. చూసి దొరక్కపోతే పొగ పరీక్షకి వెళ్ళు, నా తొంభై డాలర్ల కథ గుర్తుపెట్టుకుని. ఆ డబ్బు నేనిస్తా, మొహమాటపడితే మీ అమ్మకి చెప్తా.

ఇన్‌స్పెక్షన్ సంగతి. టెక్సాస్‌లో 2025 నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కానీ మీ డెంటన్ కౌంటీలో ఎమిషన్స్ టెస్ట్ ఉంది. ముందు రోజు కోడ్ చెరిపేసి వెళ్తే పాస్ అవుతావనుకోకు, మానిటర్లన్నీ, అంటే కారు తనని తాను చేసుకునే పరీక్షల ఫలితాలన్నీ, ఖాళీ అయిపోతాయి, వెనక్కి పంపేస్తారు. రిపేరు చేశాక వారం పది రోజులు తిప్పు. 2001 నుంచి వచ్చిన బండ్లకి ఒక్క మానిటర్ పూర్తి కాకుండా మిగిలున్నా ఒప్పుకుంటారు, మిగిలేది మామూలుగా ఈ ఆవిరి లీక్‌దే.

తాతయ్య ఉంటే నిన్ను చూసి ఏమనేవాడో. బహుశా ఏమీ అనడు, స్పానర్ అందిస్తూ పక్కన కూర్చునేవాడు.

నీ ఫ్రెండ్ వాళ్ళ గరాజ్‌లో హీటర్ ఎక్కడుందో, దిమ్మ ఉందో లేదో ఇవాళే ఫోటో తీయించి పంపు. బయటే చేస్తానన్నా సరే, పంపు.

మీ మావయ్య