పికప్ ట్రక్కుకు బయట కొన్న వీల్స్ వేయిస్తే టైర్ ప్రెషర్ లైట్ ఎందుకు వెలుగుతుంది?

చాలా ట్రక్కుల్లో ప్రెషర్ సెన్సర్ వీల్ లోపల, వాల్వ్ అడుగునే బిగించి ఉంటుంది కాబట్టి, పాత వీల్‌తో పాటు అదీ వెళ్లిపోయి డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. అమెరికాలో 2008 మోడల్ నుంచి కార్లకు, తేలికపాటి ట్రక్కులకు టైర్ ప్రెషర్ తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి.

గాలి తగ్గిందేమోనని చాలామంది మళ్లీ మళ్లీ కొట్టిస్తుంటారు. కానీ బండి స్టార్ట్ చేయగానే లైటు నిమిషానికి పైగా ఆరుతూ వెలుగుతూ ఉండి, ఆ తర్వాత నిలకడగా వెలిగితే సమస్య గాలిది కాదు, సెన్సర్ సిగ్నల్ అందడం లేదని అర్థం. ఎంత గాలి కొట్టినా అది ఆరదు. పాత సెన్సర్లు బాగుంటే కొత్త వీల్స్‌లోకి మార్పించుకోవచ్చు. లేదంటే బండికి సరిపడే కొత్తవి వేయించి, బండి వాటిని గుర్తించేలా సెట్ చేయించాలి. సెన్సర్ బ్యాటరీని విడిగా మార్చడం సాధారణంగా కుదరదు, అందుకే బాగా పాతవైతే కొత్తవే మేలు.

వాల్వ్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. ఉదాహరణకు, బరువులు లాగే ట్రక్కులకు వాడే 'లోడ్ రేంజ్ E' టైర్లలో (E అనేది టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే గుర్తు) 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి నింపుతారు. మామూలు రబ్బరు వాల్వ్ 65 పీఎస్ఐ వరకే తట్టుకుంటుంది. అక్కడ నట్టుతో బిగించే మెటల్ వాల్వ్ గానీ, హై ప్రెషర్ రకం గానీ అడిగి వేయించుకోండి.